బల్లి ఆట: ఒక్క మీట, అర సెకను



ఈ నెల గోడపత్రికలో సైన్సు వ్యాసం రాసే వంతు తొమ్మిదో తరగతిది. చంద్రగ్రహణం గురించి రాయమని తెలుగు సారు అన్నారు. అది పాఠ్యపుస్తకంలోనే ఉంది గదా, చదివినోళ్లే మళ్లీ చదవాల. అందుకని సారును అడిగి విషయం మార్చుకున్నాను. కంప్యూటరు గదిలో నెట్టు పోయినప్పుడు తెర మీద వచ్చే బల్లి ఆట గురించి రాస్తాను. ఆ గదికి రెండు ఆదివారాలుగా తాళం ఎందుకు పడిందో మీకందరికీ తెలుసు. మూడో నంబరు కంప్యూటరుకు స్పేస్ బార్ ఊడిపోయింది. ఐదో తరగతి తమ్ముడొకడి మీద నింద పడింది. ఆ సంగతి కూడా ఈ వ్యాసంలోనే వస్తుంది కాబట్టి సగంలో వదిలేసి భోజనం లైనుకు పోవద్దండి.

ఆట తెలియని పెద్దల కోసం ముందు ఆట చెబుతాను. కంప్యూటరులో క్రోమ్ అనే బ్రౌజరు ఉంటుంది. నెట్టు లేనప్పుడు దాన్ని తెరిస్తే ఇంటర్నెట్ లేదని రాసి, ఆ రాతకు పైన బూడిద రంగులో చిన్న రాక్షసబల్లి బొమ్మ నిలబడి ఉంటుంది. చాలామంది అది ఊరికే బొమ్మ అనుకుంటారు. కీబోర్డులో అన్నిటికన్నా పొడుగ్గా ఉండే మీట, అదే స్పేస్ బార్, నొక్కితే అది పరిగెత్తుతుంది. ఎదురుగా జెముడు చెట్లు వస్తాయి. మళ్లీ నొక్కితే ఎగురుతుంది. చెట్టు తగిలితే ఆట అయిపోయినట్లే. ప్రతి వంద మార్కులకూ చిన్న కూత వస్తుంది, 700 దగ్గర తెర నల్లబడి రాత్రి అవుతుంది. సుమారు 450 దాటినాక రెక్కల బల్లులు కూడా ఎగురుకుంటా వస్తాయి. వాటి కింద వంగడానికి కింది బాణం మీట ఒకటి ఉంది గానీ, ఆట నూటికి తొంభై పాళ్లు ఆ ఒక్క మీట మీదనే నడుస్తుంది.

ఫోనులో అయితే మీట కూడా లేదు, తెర మీద వేలు తడితే చాలు. నేను మొదట చూసింది మా యాడి ఫోనులోనే. మా తండా పెద్దతిప్పసముద్రం మండలంలో కర్ణాటక అంచున ఉంది. ఫోను ఒక గడియ మన టవరును పట్టుకుంటుంది, ఒక గడియ అవతలి టవరును పట్టుకుంటుంది, ఎక్కువసేపు దేన్నీ పట్టుకోదు. రీఛార్జి అయిపోతే అసలే లేదు. అట్లాంటప్పుడు ఈ బల్లి ఒక్కటే కదులుతుంది.

ఇది మన మాదిరి చోట్ల కోసమే అన్నట్లు ఉండాది గదా అనుకునేవాడిని. కొంతవరకు నిజమే. దీన్ని 2014లో గూగుల్ సంస్థలో పనిచేసే సెబాస్టియన్ గాబ్రియేల్, అలన్ బెట్స్, ఎడ్వర్డ్ జంగ్ అనేవాళ్లు తయారు చేసినారు. నెట్టు లేకపోతే రాక్షసబల్లుల కాలానికి పోయినట్లే అని వాళ్ల వేళాకోళం. 2018లో వాళ్లే చెప్పిన లెక్క ప్రకారం నెలకు 27 కోట్ల ఆటలు ఆడేవారట. అందులో ఎక్కువమంది నెట్టు సరిగ్గా అందని, లేదా ఖరీదైన దేశాల వాళ్లు. మొదట చెప్పిన పేరు ఇండియా. ఇంకో సంగతి. పిల్లలు చదువు మానేసి దీన్నే ఆడుతున్నారని, బడుల వాళ్లు కావాలంటే ఈ ఆటను ఆపేసుకునే ఏర్పాటు కూడా వాళ్లే చేయాల్సి వచ్చింది. (సార్, ఈ వాక్యం రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించినాను. నిజం కాబట్టి రాసినాను.)

ఆటలో బల్లి టైరనోసారస్, మాంసం తినేది, పరదేశంది. మనకూ సొంత బల్లి ఉంది. ఆదిలాబాదు పక్క యామనపల్లిలో దొరికిన ఎముకలకు 1988లో కోటాసారస్ అని పేరు పెట్టినారు. దాని అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్సు మ్యూజియంలో నిలబెట్టి ఉంది. ఆకులు తినే భారీ జంతువు. దాన్ని ఆటలో పెడితే ఎగరడం మాట అటుంచి, చెట్టు దగ్గర ఆగి తినేస్తుంది.

ఇక అసలు విషయం. ఈ ఆటలో గెలవాలంటే ఏం కావాల? అందరం చెప్పే జవాబు ఒకటే: చెయ్యి వేగంగా ఉండాల. నేనూ అదే అనుకున్నాను. అది తప్పని తెలుసుకోవడానికి నాకు ఒక టర్ము పట్టింది.

మొదట నేనొక ఉపాయం చేసినాను. ఎనిమిదో తరగతి అక్కల దగ్గర ఒక స్టిక్కర్ బొట్టు అడిగి తెచ్చి తెర మీద అంటించినాను. బల్లి ముందర కొంచెం దూరంలో. చెట్టు ఆ బొట్టు కిందికి రాగానే నొక్కాల, అంతే. మొదట్లో బ్రహ్మాండంగా పనిచేసింది. నూరు, నూట యాభై దాకా కళ్లు మూసుకుని ఆడినట్లే ఉండేది. ఆ తర్వాత ప్రతిసారీ అదే కథ. బొట్టు కాడ సరిగ్గా నొక్కినా బల్లి ఇంకా పైకి లేస్తా ఉండగానే చెట్టు వచ్చి కాళ్లకు తగిలేది. బొట్టు కదిలిందేమోనని కూడా చూసినాను. కదల్లేదు.

కంప్యూటరు సారు ఒకరోజు ఈ ఆట లోపలి ప్రోగ్రాము చూపించినారు. అది రహస్యం కాదట, ఎవరైనా చదువుకునేటట్లు బయట పెట్టినారు. అందులో అంకెలు ఉన్నాయి. ఆట పట్టీ వెడల్పు 600 చుక్కలు. తెర సెకనుకు 60 సార్లు కొత్తగా గీస్తుంది. మొదట్లో చెట్టు ఒక్కో గీతకు 6 చుక్కలు జరుగుతుంది, అంటే సెకనుకు 360 చుక్కలు. ఈ వేగం కొంచెం కొంచెంగా పెరిగి, చావకుండా ఆడితే సుమారు రెండు నిమిషాల్లో 13కు చేరి అక్కడ ఆగుతుంది. అంటే సెకనుకు 780 చుక్కలు. రెండింతలకు పైనే.

చెట్ల వేగం ఇట్ల పెరుగుతుంది గానీ, బల్లి ఎగురు మాత్రం దాదాపు మారదు. మన భౌతికశాస్త్రంలో పైకి విసిరిన రాయి లెక్క ఉంది గదా, అదే ఇక్కడా. మొదటి వేగం ఇంత, గురుత్వాకర్షణ ఇంత అని ఇచ్చినారు. పైకి పోవడానికి సుమారు పావు సెకను, కిందికి రావడానికి ఇంకో పావు సెకను, మొత్తం అర సెకను. చెట్టు మెల్లగా వచ్చినా వేగంగా వచ్చినా అంతే.

ఇప్పుడు గుణించి చూడండి. బల్లి గాలిలో బాగా పైన ఉన్నప్పుడు చెట్టు దాని కింద ఉండాల. అంటే చెట్టు రావడానికి పావు సెకను ముందు నొక్కాల. మొదట్లో పావు సెకనులో చెట్టు 90 చుక్కలు నడుస్తుంది. చివర్లో అదే పావు సెకనులో 195 చుక్కలు నడుస్తుంది. కాబట్టి మొదట్లో చెట్టు 90 చుక్కల దూరంలో ఉన్నప్పుడు నొక్కాల, చివర్లో 195 చుక్కల దూరంలో ఉన్నప్పుడే నొక్కాల. నా బొట్టు మాత్రం మొదటి దూరం కాడనే అతుక్కుని కూర్చునింది. కంటికి కనిపించేది దూరం, చేతికి కావలసింది కాలం. ఈ రెంటినీ ఒకటనుకున్నాను నేను.

ఇది రాసుకున్న రోజు మా బా మేకలు గుర్తుకొచ్చినాయి. మా ఊరి పేరులో సముద్రం ఉన్నా ఉండేది చెరువే. కట్ట కింద చేన్లకు కిత్తనార కంచె ఉంటుంది. మెల్లగా నడుచుకుంటా పోయే మేక కంచె దగ్గరిదాకా పోయి, మూతి ఆనించి, అక్కడినుంచి ఎగురుతుంది. కుక్క తరిమితే పరిగెత్తే మేక చాలా ముందునుంచే లేస్తుంది. వేగం ఎక్కువయ్యేకొద్దీ లేచే చోటు వెనక్కి జరుగుతుంది. దానికి ఎవరూ గుణకారం చెప్పలేదు. లాంగ్ జంప్‌లో పీఈటీ సారు అడుగులు కొలిపించేది కూడా లేచే చోటు తప్పకూడదనే గదా.

చెయ్యి వేగం సంగతికి వస్తాను. దీన్ని కొలవడానికి మిషన్లు అక్కర్లేదు, 30 సెంటీమీటర్ల స్కేలు చాలు. ఒకరు స్కేలును పైకొన పట్టుకుని వేలాడదీయాల. రెండోవాళ్లు బొటనవేలూ చూపుడువేలూ సున్నా గీత దగ్గర స్కేలుకు తగలకుండా తెరిచి పెట్టాల. మొదటివాళ్లు చెప్పకుండా వదలాల. రెండోవాళ్లు పట్టుకోవాల. ఎన్ని సెంటీమీటర్ల దగ్గర పట్టుకున్నారో చూస్తే, కన్ను చూసి చెయ్యి కదలడానికి ఎంత కాలం పట్టిందో తెలుస్తుంది. 15 సెంటీమీటర్లయితే 0.175 సెకన్లు, 20 అయితే 0.2, స్కేలు మొత్తం జారిపోయే 30 అయితే 0.25. కిందపడే వస్తువు దూరం కాలం వర్గంతో పెరుగుతుందనే సూత్రం నుంచి ఇవి వస్తాయి, కావలసినవాళ్లు నా నోటుబుక్కులో చూసుకోవచ్చు. ఒక్కసారి పట్టుకుంటే లెక్క కాదు, పదిసార్లు చేసి సరాసరి తీయాల. స్కేలు వదిలేవాళ్లు ముఖం మార్చకూడదు, మన డార్మెటరీలో అందరూ వదిలే ముందు నవ్వుతారు.

నేను చేసి చూసింది ఎందుకంటే ఆ ఐదో తరగతి తమ్ముడి కోసం. వాడు ఈ జూన్‌లోనే చేరినాడు. అంతకు ముందు కీబోర్డు ముట్టుకుని ఎరగడు. ఆటలో 60 దాటేవాడు కాదు. ఆదివారం గంటలో మా వెనకాల నిలబడి వంతు కోసం చూసి చూసి, వంతు వచ్చినాక పది సెకన్లలో లేచి పోయేవాడు. "రేయ్ మొద్దూ, నీకు చెయ్యి లేస్తాదా లేదా?" అన్నాను నేను. ఆ పేరు మొదట పెట్టింది నేనే. తర్వాత అందరూ అదే పేరుతో పిలిచినారు.

ఒక రాత్రి స్కేలు పరీక్షలో వాడి సరాసరి 17 సెంటీమీటర్లు వచ్చింది, నాది 21. లెక్క కట్టితే వాడికి 0.186 సెకన్లు, నాకు 0.207. మళ్లీ చేయించినాను. మళ్లీ వాడే ముందు. మొద్దు చెయ్యి నాదని తేలింది.

మరి 60 ఎందుకు దాటడం లేదు? "ఎప్పుడు నొక్కుతావురా?" అని అడిగినాను. "చెట్టు ముక్కు కాడికి వస్తానే నొక్కుతాండా గదన్నా" అన్నాడు. వాడు బల్లినే చూస్తా ఉన్నాడు. దాని ముక్కుకు చెట్టు ఆనేదాకా ఆగి నొక్కితే, చెయ్యి కదలడానికి ఒక 0.2 సెకన్లు, బల్లి పైకి లేవడానికి ఇంకో పావు సెకను. ఆలోపల చెట్టు ఎప్పుడో తగిలేసి ఉంటుంది. చెయ్యి ఎంత వేగంగా ఉన్నా ఆ పావు సెకనును ఎవరూ తగ్గించలేరు, అది బల్లిది.

ఇంకో లెక్క కూడా చెబుతాను. చెట్టు కుడి అంచున కనిపించినప్పటి నుంచి బల్లిని చేరేదాకా మొదట్లో సుమారు 1.4 సెకన్లు ఉంటుంది. పూర్తి వేగంలో 0.65 సెకన్లే. అందులో చేతికి పావు, ఎగురుకు పావు తీసేస్తే మిగిలేది 0.15 సెకన్లు. ఒకటే చెట్టా, మూడు చెట్ల గుంపా, రెక్కల బల్లా, అది కిందుగా వస్తోందా పైగా వస్తోందా అని తేల్చుకోవడానికి ఉన్నది అంతే. (బాగా పైన వచ్చే రెక్కల బల్లికి ఏమీ చేయనక్కర్లేదు, ఊరికే పరిగెత్తితే సరిపోతుంది. దాన్ని చూసి భయపడి ఎగిరి చచ్చినోళ్లే ఎక్కువ.) కాబట్టి చూపు బల్లి మీద ఉండకూడదు. బల్లి ఎక్కడికీ పోదు, అది ఉన్నచోటనే ఉంటుంది. చూడాల్సింది కుడి అంచు.

ఈ లెక్కలన్నీ తమ్ముడికి చెబితే అర్థం కాలేదు. "కుక్క తరిమితే మేక కంచె ఎట్ల దూకుతాదో చూసినావా?" అన్నాను. వాడు కాసేపు ఆలోచించి "ముందుగాల్నే లేస్తాది" అన్నాడు. అంతే. ఆ వచ్చే ఆదివారం మూడో నంబరు కంప్యూటరులో వాడు 380 చేసినాడు. వెనకాల నిలబడినవాళ్లు చప్పట్లు కొట్టినారు. నేనూ కొట్టినాను, కానీ నాకు లోపల ఏదో అయింది. నా బొట్టు ఉపాయంతో నేను ఆరోజుకు 200 కూడా దాటి ఉండలేదు. లెక్క చెప్పింది నేను, ఆడింది వాడు.

ఇక్కడ కీబోర్డు గురించి చెప్పాల. పైకి ప్లాస్టిక్ మీట కనిపిస్తుంది. దాని కింద రబ్బరు బుడిపె ఒకటి, ఆ కింద రెండు పలుచని ప్లాస్టిక్ పొరలు ఉంటాయి. పొరల మీద కరెంటు గీతలు. నొక్కితే రెండు గీతలు తాకుతాయి, వదిలితే విడిపోతాయి. కంప్యూటరుకు తెలిసేది తాకిందా విడిందా అనేదే. ఎంత గట్టిగా అనేది దానికి తెలియదు. గుద్దినా, వేలితో తట్టినా ఒకటే. ఎంతసేపు పట్టుకున్నామనేది మాత్రం తెలుస్తుంది. తట్టి వెంటనే వదిలితే బల్లి తక్కువ ఎత్తు ఎగిరి తొందరగా దిగుతుంది, ఒక క్షణం పట్టుకుంటే ఎక్కువ ఎత్తు ఎగురుతుంది. పొట్టి చెట్లు దగ్గర దగ్గరగా వచ్చినప్పుడు ఈ చిన్న ఎగురు చాలా పనికొస్తుంది. ఇది తెలియక మేమంతా పెద్ద చెట్టు వస్తే పెద్దగా గుద్దుతా ఉన్నాం.

స్పేస్ బార్ పొడుగు మీట కాబట్టి ఒక అంచున నొక్కితే రెండో అంచు లేవకుండా దాని కింద సన్నని ఇనుప తీగ ఒకటి పెడతారు. తీగ రెండు కొనలూ చిన్న కొక్కేలలో దూరి ఉంటాయి. మీటను అంచు మీద గుద్దితే తీగ కొక్కెం నుంచి జారిపోతుంది. అప్పుడు మీట ఒక పక్క వాలి ఉంటుంది, నొక్కితే ఒక్కోసారి పడుతుంది, ఒక్కోసారి పడదు. ఈ ఆట చేసినవాళ్లే, దీన్ని చివరిదాకా ఆడితే 1.7 కోట్ల ఏండ్లు పడుతుందనీ, అప్పటికి స్పేస్ బార్ ఎట్లుంటుందో చెప్పలేమనీ వేళాకోళం ఆడినారట. మూడో నంబరుది ఒక్క టర్ములోనే పోయింది.

ఆ ఆదివారం తమ్ముడి 380 తర్వాత వాడిని లేపి నేను కూర్చున్నాను. ఇంకా గంట కొట్టలేదు. మూడుసార్లు ఆడినాను. మూడుసార్లూ 150 లోపలే పోయినాను. నాలుగోసారి చచ్చినప్పుడు పిడికిలితో స్పేస్ బార్ కుడి అంచు మీద గుద్దినాను. టక్కుమని శబ్దం వచ్చింది. మీట ఒక పక్కకు వాలిపోయింది. నేను లేచి, "ఇంకోసారి ఆడుకోరా" అని తమ్ముడిని కూర్చోబెట్టి, నీళ్లు తాగడానికి పోయినట్లు బయటికి పోయినాను. సారు వచ్చేసరికి వాడు ఊడిన మీట చేతిలో పట్టుకుని ఉన్నాడు. "నేను కాదు సార్" అన్నాడట. ఎవరని అడిగితే చెప్పలేదట. వాడికి రెండు ఆదివారాలు కంప్యూటరు గంట లేదు, ఆ గంటలో పెరట్లో కూరగాయ మడులకు నీళ్లు పోయమన్నారు. పోసినాడు. నేను డార్మెటరీ కిటికీలోనుంచి చూసినాను. భోజనాల దగ్గర నన్ను చూసి వాడు ఏమీ అనలేదు. అన్నా అనే పిలిచినాడు.

వార్డెన్ సార్, ఇది మీకు విడిగా వచ్చి చెప్పాల్సింది. రెండుసార్లు ఆఫీసు గడప దాకా వచ్చినాను. వాడిని మొద్దని నలుగురిలో అన్నాను కాబట్టి నలుగురూ చదివే చోటే రాస్తే సరిపోతుందని ఇట్ల రాసినాను. ఇంకా రెండు వారాలు వాడి బదులు నేను మడులకు నీళ్లు పోస్తాను. బెండ మడి చివర కాలువ తెగింది, అది కూడా సరిచేస్తాను.

నిన్న కంప్యూటరు సారును అడిగి మూడో నంబరు కీబోర్డు చూసినాను. మీట విరగలేదు, తీగ కొక్కెం నుంచి జారింది, అంతే. సారు చూపించగా నేనే సన్న స్క్రూడ్రైవరుతో తీగను ముందు మీటకు తగిలించి, తర్వాత కొనలు కొక్కేలలో దూర్చి, మధ్యలో నొక్కినాను. మూడుసార్లు జారింది, నాలుగోసారి పడింది. ఇప్పుడు రెండు అంచుల్లోనూ సమంగా దిగుతోంది. గది తాళం మాత్రం మీ దగ్గర ఉంది.

తెర మీద బొట్టు గీకి తీసేసినాను. దాని జిగురు మరక కొంచెం మిగిలింది, తడిగుడ్డతో పోలేదు. స్కేలు పరీక్ష చేసుకోవాలనుకున్నవాళ్లు రాత్రి స్టడీ అవర్ అయినాక నా మంచం దగ్గరికి రండి. ఇప్పటికి అందరికన్నా తక్కువ 17 సెంటీమీటర్లు, ఐదో తరగతి.

— తొమ్మిదో తరగతి విద్యార్థి